కలిసిన సంకేతాలను విడదీసిన కథ

1901వ సంవత్సరం డిసెంబరు 12వ తేదీ మధ్యాహ్నం న్యూఫౌండ్‌లాండు ద్వీపంలో, సెయింట్ జాన్స్ రేవు పక్కనున్న సిగ్నల్ హిల్ అనే కొండమీద, గుగ్లియెల్మో మార్కొనీ టెలిఫోను గొట్టం చెవికి ఆనించుకొని కూర్చున్నాడు. బయట గాలి హోరు. ఆ గాలిలో ఒక గాలిపటం ఊగుతున్నది. దానికి వ్రేలాడే తీగయే ఏరియల్. అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున, ఇంగ్లండులోని పోల్డూ నుండి, ఆయన మనుష్యులు మోర్సు లిపిలో 'ఎస్' అనే ఒక్క అక్షరాన్ని, అనగా మూడు చుక్కలను, మాటిమాటికి పంపుతున్నారు. టిక్, టిక్, టిక్ అని మూడు చప్పుళ్లు వినబడినవని మార్కొనీ చెప్పినాడు. గొట్టాన్ని తన సహాయకుడు కెంప్ చేతికి ఇచ్చినాడు. అతడు కూడ విన్నానన్నాడు.

ఆ చప్పుళ్లు నిజంగా పోల్డూ నుండి వచ్చినవేనా అన్న సందేహం నేటికీ పూర్తిగా తీరలేదు. పట్టపగటి వేళ ఆ రకపు తరంగాలు అంత దూరం చేరడం కష్టమని తరువాతి శాస్త్రం చెప్పుతున్నది. దూరాన మెరిసిన మెరుపు వలన కూడ చెవిగొట్టంలో టిక్కుమనే చప్పుడు వస్తుంది. అన్నిటికన్న ముఖ్యం, రావలసినవి మూడు చుక్కలే అని వినేవారికి ముందే తెలుసు. శంకించేవారు ఈ చివరి విషయాన్ని లోపంగా ఎత్తి చూపుతారు. నాకు మాత్రం అందులోనే రేడియో శాస్త్రపు మూలసూత్రమొకటి కనబడుతున్నది. వచ్చే అవకాశమున్న గుర్తుల జాబితా ప్రతి రిసీవరు వద్దా ముందే ఉంటుంది. రొదతో కలిసి చేరినదానిని చూచి, ఆ జాబితాలో దేనిని పంపి ఉంటారో తేల్చడమే దాని పని. ఇంజనీర్లు దీనిని డిటెక్షన్ అంటారు. మనం సంకేత నిర్ణయం అందాము. జాబితాలో రెండే గుర్తులున్నప్పుడు నిర్ణయం సులభం. కోటి గుర్తులున్నప్పుడు, సెకనులో లక్షవ వంతు కూడ వ్యవధి లేనప్పుడు, ఆ నిర్ణయం ఎట్లా జరుగుతున్నదన్నది ఈనాటి ప్రసంగ విషయం.

నా చిన్నతనంలో, 1980లలో, మా ఇంట్లో క్రికెట్ వ్యాఖ్యానం షార్ట్‌వేవ్ మీద వినేవారము. బౌలరు పరుగెత్తుకొని వస్తుండగా వ్యాఖ్యాత గొంతు నూతిలోకి దిగినట్లు దిగిపోయేది. మరల పైకి తేలేసరికి జనం కేకలు మాత్రమే వినవచ్చేవి. అవుటయినది ఎవరో తెలిసేది కాదు. మా నాయనగారు రేడియోను తీసుకొని వసారాలోకి, వసారాలోనుండి వంటింటి గుమ్మం దగ్గరకు నడిచేవారు. నేను వీధి చివరనున్న టైలరు దుకాణానికి పరుగెత్తేవాడిని. వింతయేమనగా, మా ఇంట్లో గొంతు మునిగిన క్షణంలో టైలరు రేడియోలో చాలాసార్లు అది నిక్షేపంగా వినబడేది. కొంతసేపటికి టైలరు రేడియో మూగపోయేది. అప్పుడు ఇంటికి పరుగు. ఈ పరుగులకు శాస్త్రంలో ఒక పేరున్నదని నేను ఉద్యోగంలో చేరిన తరువాతగాని తెలియలేదు.

గొంతు అట్లా మునిగి తేలడానికి ఫేడింగు అని పేరు. భూమికి పైన, ఎంతో ఎత్తున, విద్యుత్తును ప్రవహింపజేసే పొర ఒకటి ఉండి తరంగాలను వెనుకకు త్రిప్పుతున్నదని 1902లో అమెరికాలో కెనెలీ, ఇంగ్లండులో హెవిసైడు వేర్వేరుగా ఊహించినారు. 1924 డిసెంబరులో ఎడ్వర్డు ఆపిల్‌టన్, మైల్స్ బార్నెట్ దానిని ప్రయోగంతో నిరూపించినారు. వారు ఉపయోగించినది బోర్న్‌మత్‌లోని బి.బి.సి. ట్రాన్స్‌మిటరు. రాత్రి కార్యక్రమాలు ముగిసిన తరువాత దాని ఫ్రీక్వెన్సీని మెల్లమెల్లగా మార్చుతుంటే, ఆక్స్‌ఫర్డులోని రిసీవరులో సంకేతం క్రమంగా పెరుగుతూ తరుగుతూ వచ్చినది. నేలవెంట వచ్చిన తరంగమూ, ఆకాశపు పొర నుండి తిరిగివచ్చిన తరంగమూ ఒకచోట కలిసినప్పుడు ఒక్కొక్కప్పుడు ఒకదానికొకటి తోడుపడతాయి, ఒక్కొక్కప్పుడు ఒకదానినొకటి చంపుకుంటాయి. దారుల పొడవులో స్వల్పమైన తేడా చాలు. అందుచేతనే మా వసారాలో చచ్చిన సంకేతం టైలరు కొట్టులో బ్రతికి ఉండేది.

ఈ సంగతిని పనికి పెట్టినవారు అమెరికాలో న్యూయార్కుకు తూర్పున లాంగ్ ఐలండు మీద రివర్‌హెడ్ అనే చోట పనిచేసిన రేడియో కార్పొరేషను ఇంజనీర్లు. సముద్రాలు దాటి వచ్చే షార్ట్‌వేవ్ తంతులను అక్కడ అందుకొనేవారు. ఏరియళ్లను ఒకదానికొకటి దూరదూరంగా నాటితే అన్నింటిలోను సంకేతం ఏకకాలంలో మునగదని హెచ్. హెచ్. బెవరేజి, హెచ్. ఓ. పీటర్సన్ గమనించి, మూడు ఏరియళ్లకు మూడు రిసీవర్లు తగిలించి, ఏ క్షణంలో ఏది బలంగా ఉంటే దాని మాటే పైకి వచ్చేటట్లు అమర్చినారు. ఈ పద్ధతి వివరాలు 1931లో ప్రచురితమైనవి. దీనికి డైవర్సిటీ అని పేరు పెట్టినారు. నా చిన్ననాటి పరుగుల పేరు అదే.

ఇక్కడ మన ప్రాంతపు విషయమొకటి చెప్పుకోవలసి ఉన్నది. 1950లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావు గారి నాయకత్వాన అయనావరణ పరిశోధన సాగినది. వారు ఎంచుకొన్న పద్ధతులలో ఒకటి, కొద్ది కొద్ది దూరాలలో మూడు ఏరియళ్లు నిలిపి, ఆకాశం నుండి తిరిగివచ్చే సంకేతపు ఫేడింగును మూడింటిలోను నమోదు చేయడం. ఒక ఏరియల్‌లో కనిపించిన దిగుడు మరొకదానిలో ఎంత ఆలస్యంగా కనిపించినదో కొలిస్తే, పైపొరలో గాలులు ఏ దిక్కుకు, ఎంత వేగంతో కదులుతున్నవో తెలుస్తుంది. రివర్‌హెడ్‌లో ఏ తేడాను తప్పించుకోవడానికి మూడు ఏరియళ్లు నాటినారో, వాల్తేరులో ఆ తేడాను చదవడానికే మూడు ఏరియళ్లు నాటినారు. ఫేడింగు అంటే చెడిపోయిన సంకేతమని మాత్రమే అనుకొనేవారికి వాల్తేరు పద్ధతి ఒక మంచి జవాబు.

అందిన సంకేతాలను ఎట్లా కలపాలన్నది తరువాతి ప్రశ్న. బలమైనదానిని ఉంచుకొని తక్కినవి పారవేయడం ఒక మార్గం. అంతకన్న మంచి మార్గం 1954లో లెనార్డ్ కాన్ చూపినాడు. 1959లో బ్రెనన్ దానిని తక్కిన పద్ధతులతో పోల్చి సమగ్రంగా వివరించినాడు. పంచాయతీలో పెద్దలు సాక్షుల మాటలు విన్నట్లే ఇదీ. దగ్గరగా ఉండి చూచినవాని మాటకు ఎక్కువ విలువ, దూరాన నిలబడినవాని మాటకు తక్కువ విలువ; కాని ఎవరి మాటా పూర్తిగా త్రోసిపుచ్చరు. ప్రతి ఏరియల్ నుండి వచ్చినదానిని దాని స్పష్టతను బట్టి గుణించి, అలలు ఒకే తాళంలోకి వచ్చేటట్లు సరిచేసి కూడితే, రొద మీద సంకేతం గరిష్ఠంగా పైచేయి అవుతుంది. అంతకు ముందే, 1937లో, బెల్ లేబరేటరీలో ఫ్రీస్, ఫెల్డ్‌మన్ అనేవారు న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో ఆరు పెద్ద ఏరియళ్లను వరుసగా నిలిపి, వేర్వేరు కోణాలలో ఆకాశం నుండి దిగివచ్చే అలలను విడివిడిగా పట్టుకొన్నారు. దారులను విడదీయవచ్చునన్న మాట అప్పుడే రుజువైనది. కాని దాని పూర్తి ఫలితం ఎవరికీ తట్టడానికి మరి యాభై ఏండ్లకు పైగా పట్టినది.

ఆ యాభై ఏండ్లూ ఇంజనీర్లు బహుదారుల తరంగాన్ని శత్రువుగానే చూచినారు. పంపేవాడు ఒకడే. మాట ఒకటే. అది గోడలకు, కొండలకు తగిలి ముక్కలై వస్తే, ఆ ముక్కలను ఏరుకొని అతుకుకోవడమే రిసీవరు పని. మాటల రాశిని పెంచాలంటే శక్తి పెంచాలి, లేదా ఫ్రీక్వెన్సీల వెడల్పు పెంచాలి. 1948లో క్లాడ్ షానన్ చూపినట్లు శక్తిని పెంచడం వలన లాభం చాలా స్వల్పం. సంకేతం ఇదివరకే బలంగా ఉన్నప్పుడు, ఒక హెర్ట్జ్ వెడల్పులో సెకనుకు ఇంకొక్క బిట్టు అదనంగా పంపడానికి శక్తిని దాదాపు రెట్టింపు చేయవలసి ఉంటుంది. వెడల్పు సంగతి చెప్పనే అక్కరలేదు. ఆకాశంలో చోటు ఎంత ఇరుకో మా వృత్తిలోనివారికి బాగా తెలుసు.

దారి తెరిచినవారిలో ఒకరు భారత నౌకాదళపు ఇంజనీరు. తమిళనాడులోని పొల్లాచ్చిలో 1944లో పుట్టిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ చిన్న వయస్సులోనే నౌకాదళంలో చేరినాడు. 1971 డిసెంబరు 9వ తేదీన జలాంతర్గామి దాడిలో ఐ.ఎన్.ఎస్. ఖుక్రీ మునిగిపోయిన తరువాత, నీటి అడుగున శత్రువును పసిగట్టే సోనార్ యంత్రాలను మెరుగుపరిచే పని ఆయనకు అప్పగించినారు. 1980ల మొదటికి కొచ్చిలోని నౌకాదళ పరిశోధనశాలలో ఆయన నాయకత్వాన 'అప్సో' అనే సోనార్ తయారైనది. సోనార్ అంటే నీటిలోని ఏరియళ్ల వరుసయే. ఒక్కొక్క శ్రవణ యంత్రం వినే చప్పుడులో ఓడ చప్పుడు, అలల చప్పుడు, అడుగునుండి తిరిగివచ్చే ప్రతిధ్వని అన్నీ కలిసి ఉంటాయి. వాటిని విడదీయడంలో ఆరితేరినవాడు తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి వెళ్లి, ఆకాశంలో కూడ అదే పని చేయవచ్చునని తలచినాడు. ఆయన, పుణేలో పుట్టిన థామస్ కైలాత్, కలిసి 1992లో పేటెంటుకు దరఖాస్తు చేసినారు. 1994 సెప్టెంబరులో అది మంజూరైనది. ఆ పేటెంటు శీర్షికలో బ్రాడ్‌కాస్టు అనే మాట ఉండడం చూచి నాకు కొంత సంతోషం కలిగినదని చెప్పుకోవడంలో తప్పులేదనుకుంటాను.

వారి ఆలోచన ఇది. పంపేచోట కూడ అనేక ఏరియళ్లు పెట్టండి. ఒక్కొక్క ఏరియల్ నుండి వేర్వేరు మాటలు పంపండి. అన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే సమయంలో. అవి దారిలో కలిసిపోతాయి, నిజమే. కాని గోడలు, చెట్లు, మేడలు తరంగాలను చెల్లాచెదరు చేయడం వలన, అందుకొనే ఏరియళ్లలో ఒక్కొక్కటి ఆ మిశ్రమాన్ని వేరొక పాళ్లలో వింటుంది. పాళ్లు వేరైతే విడదీయవచ్చు. ఎంత చెదిరితే అంత మేలు. 1995లో బెల్ లేబరేటరీలో ఎమ్రె టెలటార్ దీని లెక్క కట్టినాడు. 1996లో అక్కడే జెరార్డు ఫోషీనీ ఆచరణకు ఒక పద్ధతి ప్రచురించినాడు. రెండువైపులా ఏరియళ్లు పెరిగిన కొద్దీ, శక్తి పెంచకుండానే, మాటల రాశి దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 1998లో బెల్ లేబరేటరీవారు పంపే వైపు 8, అందుకొనే వైపు 12 ఏరియళ్లతో గది లోపల చేసిన ప్రయోగంలో ఒక హెర్ట్జ్ వెడల్పులో సెకనుకు 20 నుండి 40 బిట్ల వరకు పంపగలిగినారు. అంతవరకు శత్రువైన చెదరింపు ఆ గదిలో కూలికి పనిచేసినది. ఈ పద్ధతికి ఇప్పుడు మైమో అని వాడుక పేరు.

అయితే విడదీయడం అనే మాట నోటితో అన్నంత తేలికైనది కాదు. బడిలో రెండు సమీకరణాలు, రెండు తెలియని సంఖ్యలు ఇచ్చి సాధించమంటారు కదా. ఇదీ అదే. కాని ఇక్కడ రొద ఉన్నది. ఒక చిన్న ఉదాహరణ చెప్పుతాను. కాగితం, కలం ఉన్న పాఠకులు సరిచూచుకోవచ్చు.

రెండు ఏరియళ్లు పంపుతున్నవి. ఒక్కొక్కటి పంపగలిగినది +1 గాని, −1 గాని. మొదటి సంకేతాన్ని 'అ' అనీ, రెండవదానిని 'ఆ' అనీ అనుకుందాము. అందుకొనే మొదటి ఏరియల్ ఆ రెండింటి మొత్తాన్ని వింటుంది. రెండవ ఏరియల్ 'అ'ను పూర్తిగాను, 'ఆ'లో పదింట తొమ్మిది వంతులను వింటుంది. రెండూ +1 పంపినారనుకోండి. రొద లేకపోతే మనకు 2, 1.9 అందాలి. స్వల్పమైన రొద కలిసి 1.85, 1.95 అందినవి. ఇప్పుడు బడిపిల్లవాని వలె మొదటి సమీకరణంలోనుండి రెండవదానిని తీసివేద్దాము. 'ఆ'లో పదవ వంతు విలువ −0.1. అనగా 'ఆ' విలువ సరిగ్గా −1! పంపినది +1, లెక్క చెప్పినది −1. పైగా సంశయం లేకుండా, కచ్చితంగా చెప్పినది. రెండు ఏరియళ్లు విన్న పాళ్లు దాదాపు ఒక్కటే కావడం వలన, తీసివేతలో సంకేతం పదో వంతుకు తగ్గినది. దానిని పైకి తెచ్చుకోవడానికి పదితో హెచ్చించినప్పుడు రొద కూడ పదింతలైనది.

మరొక మార్గం చూడండి. పంపగలిగినవి నాలుగే జతలు. రెండూ +1 అయితే 2, 1.9 రావాలి. మొదటిది +1, రెండవది −1 అయితే 0, 0.1 రావాలి. తక్కిన రెండింటికీ వేరే విలువలు. మనకు అందిన 1.85, 1.95 అనే జత వీటిలో దేనికి దగ్గర? చంటిపిల్లవాడు కూడ మొదటిదే అంటాడు. తప్పు జరిగే అవకాశాన్ని వీలైనంత తగ్గించే మార్గం ఇదే. అన్ని అవకాశాలనూ వరుసగా నిలబెట్టి, అందినదానికి అన్నింటికన్న దగ్గరగా ఉన్నదానిని ఎంచుకోవడం.

చిక్కు ఎక్కడనగా, 'అన్ని అవకాశాలూ' అనే మాటలో ఉన్నది. నాలుగు ఏరియళ్లు, ఒక్కొక్కటి 16 గుర్తులలో ఒకదానిని పంపితే 65,536 అవకాశాలు. 64 గుర్తులైతే 1,67,77,216. ఎనిమిది ఏరియళ్లు, 64 గుర్తులు అంటే రెండు కోట్ల ఎనభై లక్షల కోట్లు దాటుతాయి. నాలుగవ తరం సెల్‌ఫోను ఏర్పాటులో 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో 1,200 ఉపవాహకాలు ఉంటాయి. మిల్లీసెకనుకు 14 సార్లు ఒక్కొక్కదాని మీద కొత్త గుర్తులు వస్తాయి. అన్నీ లెక్కవేస్తే సెకనుకు 1 కోటి 68 లక్షల నిర్ణయాలు. ఒక్కొక్క నిర్ణయానికి కోటి అరవై ఏడు లక్షల అవకాశాలు సరిచూడడం, అదీ జేబులో పట్టే యంత్రంలో, రోజంతా నిలవవలసిన బ్యాటరీతో! మైమో చెప్పిన లాభమంతా ఈ లెక్క దగ్గర చిక్కుకొని నిలిచిపోయే ప్రమాదం ఏర్పడినది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు పోరాటం ఇక్కడ జరిగినది. ఆలోచన పుట్టినవారికి బహుమతులు వచ్చినవి. పాల్‌రాజ్ గారికి 2014లో మార్కొనీ పేరిట బహుమతి ఇచ్చినారు, అది సముచితమే. లెక్క తగ్గించినవారి పేర్లు మాత్రం ఆ శాస్త్రంలో ఉన్నవారికి తప్ప తెలియవు.

ఫోషీనీ, ఆయన సహచరులు 1998 ప్రయోగంలో వాడినది మధ్యేమార్గం. నలుగురు ఒక్కసారి మాట్లాడుతుంటే, ముందు అందరికన్న స్పష్టంగా వినబడేవాని మాట గ్రహించి, మొత్తం చప్పుడులోనుండి దానిని తీసివేసి, మిగిలినవారిలో స్పష్టమైనవానిని పట్టుకోవడం. శ్రమ చాలా తక్కువ. కాని మొదటి మాటను తప్పు పట్టుకొంటే, లేని చప్పుడును తీసివేసినట్లవుతుంది; ఆ తప్పు చివరివరకు వెంటాడుతుంది. అదే సంవత్సరం సియావాష్ అలమూటి మరొక ఉపాయం చెప్పినాడు. రెండు ఏరియళ్ల నుండి రెండు గుర్తులను రెండు క్షణాలలో, రెండవసారి తారుమారు చేసి గుర్తు మార్చి పంపితే, అందుకొన్నప్పుడు అవి తమంతట తామే విడిపోతాయి. వెదకవలసిన పని లేదు. లెక్క అందంగా ఉన్నది. కాని మాటల రాశి పెరగదు, ఫేడింగు నుండి రక్షణ మాత్రం దొరుకుతుంది. రెండింటినీ నేటి ఫోనులు సందర్భాన్ని బట్టి వాడుకుంటున్నవి.

శ్రేష్ఠమైన నిర్ణయాన్ని తక్కువ శ్రమతో సాధించే మార్గం మాత్రం రేడియోతో సంబంధం లేని చోటునుండి వచ్చినది. సంక్రాంతి నెలలో మన ముంగిళ్లలో పెట్టే చుక్కల ముగ్గు తలచుకోండి. సమదూరాలలో వరుసలుగా చుక్కలు. పంపగలిగిన గుర్తుల సమూహాలన్నీ అట్లాంటి చుక్కలే. ఆకాశమార్గం ఆ ముగ్గును పట్టుకొని ఒక మూల లాగినట్లు వంకరగా సాగదీస్తుంది. రొద కలిసిన సంకేతం చుక్కల నడుమ ఎక్కడో పడుతుంది. దానికి అతి దగ్గరి చుక్క ఏది? నలుచదరపు ముగ్గులో చూడగానే చెప్పవచ్చు. సాగిన ముగ్గులో కన్ను మోసపోతుంది. ఈ వంకర ముగ్గుల శాస్త్రాన్ని ఫ్రాన్సులో హెర్మైట్ 1850 ప్రాంతంలోనే సంఖ్యాశాస్త్రం కొరకు ఆరంభించినాడు. 1896లో మింకోవ్‌స్కీ దానికి సంఖ్యల రేఖాగణితమని పేరు పెట్టి గ్రంథం ప్రచురించినాడు. అప్పటికి మార్కొనీ పోల్డూ ముఖం చూడలేదు.

1981లో జర్మన్ గణితవేత్త మైకేల్ పోస్ట్ ఇట్లాంటి చుక్కలను వెదికే యుక్తి చెప్పినాడు. 1985లో ఫింకేతో కలిసి దానిని విస్తరించినాడు. అందిన బిందువు చుట్టూ ఒక గోళం గీయండి. ఆ గోళంలోపలి చుక్కలనే పరిశీలించండి. లోపల ఏవి ఉన్నవో ముందు ఎట్లా తెలుస్తుంది? సంకేతాలను ఒక్కొక్కటిగా నిర్ణయించుకొంటూ పోతారు. మొదటిదానికి ఒక గుర్తు ఊహించగానే ఎంత తేడా వచ్చినదో చూస్తారు. ఆ తేడాయే గోళపు వ్యాసార్ధాన్ని మించితే, ఆ ఊహ మీద ఆధారపడిన వేలకొలది అవకాశాలన్నింటినీ తాకకుండానే కొట్టివేస్తారు. ఒక చుక్క దొరికితే గోళాన్ని దాని దూరానికి కుదిస్తారు. చివరకు మిగిలినదే జవాబు; అన్నింటినీ చూచినవాడు చెప్పే జవాబూ అదే. 1999లో ఎమాన్యుయెలె విటెర్బో, జోసెఫ్ బుత్రో దీనిని ఫేడింగు మార్గాలకు అన్వయించినారు. 2000లో దామెన్, అతని సహచరులు అనేక ఏరియళ్ల సంకేతాలకు తెచ్చినారు. 2005లో జూరిచ్‌లోని ఇంజనీర్లు నాలుగేసి ఏరియళ్లకు, 16 గుర్తులకు సరిపడే గోళ శోధనను చిన్న సిలికాన్ చిప్పు మీద నడిపించి చూపినారు.

ముగ్గునే సరిదిద్దే మార్గం మరొకటి. 1982లో లెన్‌స్ట్రా సోదరులు, హంగేరీ దేశీయుడైన లోవాస్ కలిసి, సాగిన ముగ్గులో చుక్కలను కదపకుండానే వరుసలను వేరే దిక్కుగా ఎంచి, వీలైనంత నలుచదరంగా చూచుకొనే పద్ధతి ఇచ్చినారు. వారి ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దానిని ఎల్.ఎల్.ఎల్. అంటారు. 2002లో యావ్, వోర్నెల్ దీనిని సంకేత నిర్ణయానికి తెచ్చినారు. పైన నేను చెప్పిన బడిపిల్లవాని తీసివేత, ముగ్గు సరిదిద్దిన తరువాత చేస్తే, అంతగా మోసం చేయదు.

ఇంతకూ గోళ శోధన నిజంగా చౌకయేనా? 2005లో ఒకే పత్రికలో రెండు జవాబులు వచ్చినవి. ఆచరణలో ఎదురయ్యే చాలా పరిస్థితులలో సగటు శ్రమ ఏరియళ్ల సంఖ్య యొక్క ఘనఫలానికి కొంచెం అటు ఇటుగా ఉంటుందని హసీబీ, వికాలో లెక్కించినారు. రొద స్థాయి మారకుండా ఏరియళ్లను పెంచుకొంటూ పోతే సగటు శ్రమ కూడ చివరకు మూడింతలు, తొమ్మిదింతలన్నట్లు గుణకారంగానే పెరుగుతుందని యాల్డేన్, ఒట్టెర్‌స్టెన్ నిరూపించినారు. ఇద్దరి మాటా నిజమే. ఒకరు దగ్గరి దారిని కొలిచినారు, ఒకరు దారి చివరను చూచినారు. అతి దగ్గరి చుక్కను కనుగొనడం సాధారణ రూపంలో కఠిన సమస్యల కోవలోనిదని పోస్ట్ యుక్తి చెప్పిన 1981లోనే వాన్ ఎమ్డె బోఆస్ చూపి ఉన్నాడు గనుక, రెండవ ఫలితం ఆశ్చర్యపడవలసినది కాదు.

ఇంజనీర్లను ఎక్కువగా బాధించినది మరొకటి. గోళ శోధనకు ఒక్కొక్కసారి ఒక్కొక్క వ్యవధి పడుతుంది. రొద తక్కువైతే క్షణంలో ముగుస్తుంది. ఎక్కువైతే వెదుకుతూనే ఉంటుంది. స్టూడియోలో ఎర్రదీపం వెలిగే వేళకు మాట సిద్ధంగా ఉండాలి. ఇంకా గొప్ప మాట ఐదు నిమిషాల తరువాత దొరుకుతుందంటే ఎవరికీ ఉపయోగం లేదు. అందుచేత యంత్రాలు చేసేవారు ప్రతి మెట్టు మీద మంచివి కొన్నింటినే, ముందుగా నిర్ణయించిన లెక్క ప్రకారం, మిగుల్చుకొని ముందుకు పోయే పద్ధతులు చేసుకొన్నారు. జవాబు ఎప్పుడైనా ఒకసారి శ్రేష్ఠం కాకపోవచ్చు. కాని వేళకు వస్తుంది. సిద్ధాంతులు దీనిని రాజీ అంటారు. వేళకు పనిచేసే వృత్తిలో ఉన్నవాడిని గనుక నేను అట్లా అనలేను.

ఇంతవరకు ఒక విషయం దాటవేసినాను. ఏ ఏరియల్ ఏ పాళ్లలో వింటున్నదో ముందు తెలియాలి కదా. దానికి పంపేవాడు నడుమనడుమ ఇద్దరికీ తెలిసిన గుర్తులను పంపుతాడు. వాటిని చూచి రిసీవరు పాళ్లను అంచనా వేసుకుంటుంది. ఆ అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదన్నదానికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దును 1945లో కలకత్తాలో ప్రచురించినవారు తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, సంఖ్యాశాస్త్రం కొరకు కలకత్తా వెళ్లిన ఆయనకు అప్పటికి పాతికేండ్లు. స్వీడనులో క్రామెర్ కూడ దానిని స్వతంత్రంగా కనుగొన్నందున దానికి క్రామెర్-రావు హద్దు అని పేరు. 2023 ఆగస్టులో, 102 ఏండ్ల వయస్సులో, ఆయన కాలధర్మం చెందినారు. ఆకాశమార్గాన్ని అంచనా వేసే ఏ కొత్త పద్ధతినైనా ఇంజనీర్లు ముందు ఆ హద్దు పక్కన నిలబెట్టి కొలుస్తారు.

2010లో బెల్ లేబరేటరీకి చెందిన థామస్ మార్జెట్టా ప్రశ్ననే తిరగవేసినాడు. గోపురం మీద ఏరియళ్లు వినియోగదారులకన్న ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటే ఏమవుతుంది? పది మందికి నూరు ఏరియళ్లు ఉన్నవనుకోండి. అప్పుడు ఒక్కొక్క మనిషి సంకేతం ఆ నూరు ఏరియళ్ల మీద వేసే అచ్చు మరొకరి అచ్చుతో దాదాపు కలవదు. ముగ్గు తనంతట తానే నలుచదరమవుతుంది. అప్పుడు గోళం గీయవలసిన పని లేదు. బడిపిల్లవాని లెక్క చాలు. ఇంకా ఏరియళ్లు పెరిగితే, ప్రతి ఏరియల్ మాటకు దాని స్పష్టతను బట్టి విలువ కట్టి కూడే కాన్, బ్రెనన్‌ల పాత కూడికే చాలవచ్చు. 2022 అక్టోబరులో మన దేశంలో ఆరంభమైన ఐదవ తరం సేవలలో, ఒకే పలకమీద 64 పంపే మార్గాలు, 64 అందుకొనే మార్గాలు ఉన్న గోపురాలు ఈ మార్గంలోనివే.

కాని చేతిలోని ఫోనులో అన్ని ఏరియళ్లకు చోటు లేదు. అక్కడ రెండో, నాలుగో ఉంటాయి; పంపబడే వరుసలూ అన్నే ఉంటాయి. జనసమ్మర్దమైన చోట గోపురం దగ్గర కూడ మనుష్యుల సంఖ్య ఏరియళ్ల సంఖ్యకు దగ్గరవుతుంది. అప్పుడు ముగ్గు మరల వంకరపోతుంది. మింకోవ్‌స్కీ చుక్కల నడుమ, ఇంత వ్యవధి అని ముందే కొలిచి ఇచ్చిన చిన్న గోళంతో, వెదకడం మరల మొదలవుతుంది.